నాంపల్లిలో కాగిపోయిన సముద్రం

సదాశివ పంతులు ఆబిడ్స్‌లోని ఒక పఠనమందిరంలో పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం కూలీనాలీ జనానికి ఉచితంగా భూగోళం చెబుతున్నాడు. ఆ వారం సముద్రం చెప్పాడు. తీరం గురించి చెబుతుండగా తీరని సందేహమొకటి లేచింది. లేపినవాడు బండి లాగే బిచ్చయ్య.

"అవతలి ఒడ్డు కండ్లవడనన్ని నీళ్లా? అన్నీ ఉప్పగుంటయా? మీరు సూసిన్రా పంతులూ?"

పంతులు చూసిన పెద్ద నీళ్లు హుసేన్‌సాగర్‌వే. పేరులో సాగరముంది, నీళ్లలో ఉప్పులేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సూడలే! అయితే వచ్చే ఐతారం సముద్రాన్ని తెచ్చి సూపియ్యున్రి. లేకుంటే మేం రాం."

నలభై తలలు ఊగాయి. పంతులు తరగతి ఒక్క అలకే కొట్టుకుపోయేలా ఉంది.

ఆయన ఆ పూటే బందరులోని బావమరిదికి ఉత్తరం రాశాడు. మరుసటి ఆదివారం పొద్దున కిరసనాయిలు డబ్బా నిండా సముద్రం నాంపల్లి స్టేషన్లో రైలు దిగింది. బయటి సరుకును తనిఖీ చేసే కరోడ్‌గిరి గుమాస్తా రాజనర్సు దానికీ, దాన్ని తీసుకోవడానికొచ్చిన పంతులుకూ అడ్డం నిలబడ్డాడు.

"గిదేంది పంతులూ?"

"సముద్రం."

రిజిస్టర్లో సబ్బుంది, సాంబ్రాణి ఉంది. బంగాళాఖాతానికి మాత్రం ఖాతా లేదు. రాజనర్సు వేలు ముంచి నాకి చూశాడు.

"నీళ్లయితే పోనిస్త. ఉప్పయితే రాయాలె. ఏదెంతో తెల్వకుంట దస్కత్ ఎట్ల పెట్టాలె?"

"రెండూ కలిసుంటేనే సముద్రం సారూ!"

"కలిసుంటే కాయిదంల పట్టది. జర ఆగున్రి, ఇడదీస్త."

పక్క చాయ్ కొట్టులో మూడు పొయ్యిలు రాజుకున్నాయి. మధ్యాహ్నానికి సముద్రమంతా ఆవిరై నాంపల్లి మీదుగా వెళ్లిపోయింది. దోసెడు ఉప్పు మిగిలింది. "సముద్రం ఒకటి. అందినది. కాచబడినది. ఉప్పు తేలినది" అని రాసి, మొహరు గుద్ది, కాయితం చేతిలో పెట్టాడు రాజనర్సు.

సాయంత్రం పంతులు ఆ ఉప్పును నల్లా నీళ్లలో కలిపి బల్ల మీద పెట్టాడు. బిచ్చయ్య చప్పరించి చూశాడు.

"మా ఇంటిది పప్పుల గిట్లనే ఏస్తది!"

నవ్వులు ఉప్పొంగాయి. పంతులు జరిగింది జరిగినట్టు చెప్పాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. వెనక వరుస లేచి గుమ్మం దాకా వెళ్లింది. దిక్కుతోచక ఆయన కాయితం తీశాడు.

చదవడం రాని బిచ్చయ్య బొటనవేలితో మొహరు తడిమాడు.

"మొహరుంది."

కాయితం చేతులు మారింది. కూరలమ్మే పూలమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. "సర్కారే కూసోని కాసిందంటే, ఎంత పెద్దదో ఏమో!"

"ఔ, సముద్రముంది," ఒప్పుకున్నాడు బిచ్చయ్య. గుమ్మం దాకా వెళ్లిన వరుస వచ్చి కూర్చుంది. "వచ్చే ఐతారం ఏం చెప్తరు పంతులూ?"

మంచుకొండలు అనబోయాడు పంతులు. రాజనర్సు పొయ్యిలు గుర్తొచ్చాయి.

"మూసీ. అందరం నడుచుకుంటూ పోయి చూద్దాం."