ఏది యాడ పడింది

'లోడెడ్ ఇంటూ' అని రాసి, దావీదురాజు కలం ఆపి కిటికీలోంచి వ్యాగను వైపు చూశాడు. నాపరాళ్ళు నిజంగా లోపలికి ఎక్కాయో లేదో కళ్ళారా చూడందే ఆ వాక్యం పూర్తిచేసేవాడు కాడు. బేతంచెర్ల స్టేషను పక్కన, రాతిగని కంపెనీ రేకుల షెడ్డులో గుమాస్తా పనిలో పంతొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. సన్నటి మెడ, గొంతు దాకా గుండీలు పెట్టిన చొక్కా, కనుబొమల్లో తెల్లటి రాతిదుమ్ము. పక్కనుంచి పోతే ఎవరూ తల తిప్పి చూడరు. అట్లాంటి మనిషి.

అతని ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నది కాదు. తల్లి రాహేలమ్మ మిషను బంగళాలో గిన్నెలు తోమేది. ఆమె కొంగు పట్టుకుని తిరుగుతూ దొరసాని మాటలు విన్నాడు. కుక్క పిల్లి వెంటపడితే 'రాన్ ఆఫ్టర్'. పాలు పొంగితే 'బాయిల్డ్ ఓవర్'. జరిగిపోయిన ప్రతి పనికీ వెనకాల ఒక చిన్న మాట. గిన్నె 'ఫెల్ ఆఫ్', దానంతటదే జారిపడింది, అంటే దొరసాని ఊరుకునేది. 'నాక్డ్ ఓవర్', చెయ్యి తగిలి పడేసింది, అంటే ఆ రోజు రాహేలమ్మకు కూడు లేదు. ఆ మాటలంటే అతనికి అప్పటినుంచీ భయం.

అందుకే కూలీలు ఎవరు అర్జీకి వచ్చినా బల్ల మీద రాతిచెక్కలు పరిచేవాడు. "ఏది యాడ పడింది? పెట్టి చూపించప్పా" అనేవాడు. చూశాకే రాసేవాడు. రాసింది తెలుగులో చదివి వినిపించేవాడు. వేలిముద్ర ఆ తర్వాతే.

ఆ పూట మేనేజరు శేషన్న ఒక తెల్లకాగితం తెచ్చి అతని ముందు పడేశాడు. పైనంతా ఖాళీ. కింద ఒక వేలిముద్ర.

"రాయి దావీదూ. నిన్న చిన్న ఈరన్న గొలుసు పట్టు వదిలేసినాడు. బండ సుంకప్ప మీద పడినాది. ఇది కలెక్టరాఫీసుకు పోవల్ల, పన్నెండు గంటల బండికి. ఆపైన వాని సంగతి పోలీసోళ్ళు చూసుకుంటారు."

"రాయకముందే ముద్ర యాడిదయ్యా?"

"నువ్వు రాస్తావని ఈరన్నకు చెప్పినా. మారుమాట లేకుండా ఏలు సాపినాడు." శేషన్న నవ్వాడు. "కంపెనీ కొట్టంలో ఉండావు, పెండ్లానికి ఆయాసం. గమ్మున రాయి." అని గని వైపు వెళ్ళిపోయాడు.

దావీదురాజు ఒళ్ళు భగ్గుమంది. శేషన్న మీద సరే, అంతకన్నా తన మీద. తను పంతొమ్మిదేళ్ళు నిజం రాసి సంపాదించుకున్న పేరు చూపించి ఒక చదువురానివాణ్ణి జైలుకు పంపుతున్నారు! థూ, ఏం పేరు!

ఈరన్నను పిలిపించాడు. వాడు వచ్చి గడపలోనే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. దావీదురాజు రాతిచెక్కలు ముందుకు తోశాడు.

"కొక్కెం ఈడ. బండ ఈడిదాకా లేసినాది. సుంకప్ప మామ కిందుండాడు," అంటూ ఈరన్న ఒక్కొక్క చెక్కే పెట్టాడు. "నడుమ గొలుసు కడియం పుటుక్కుమనె. అది అరిగిపోయినాదని మేనేజరప్పకు మూడుసార్లు చెప్పింటి సారూ. నేను వదల్లేదు." రెండు అరచేతులూ చాపాడు. తెగిన గొలుసు దూసుకుపోయి తోలంతా లేచిపోయింది. వదిలినవాడి చేతులు కావు అవి.

"మరి తెల్లకాగితం మీద ముద్ర ఎందుకేసినావురా?"

"మీరు రాస్తారన్నె. మీరు తప్పు రాయరు గదా సారూ."

దావీదురాజు వేలిముద్ర ఉన్న ఆ కాగితాన్నే దగ్గరికి లాక్కున్నాడు. కలం తీసుకున్నాడు. గొలుసు తెగిందని రాశాడు. మూడుసార్లు చెప్పిన సంగతి రాశాడు. వదల్లేదనీ, అరచేతులు తను చూశాననీ రాశాడు. బండ 'ఫెల్ ఆన్' అని రాస్తుండగా నిన్న సుంకప్పను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయిన లారీ వచ్చి ఆగింది. డ్రైవరు నరసన్న దిగి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు.

"సుంకప్ప పోయినాడు సారూ. తెల్లారుజామున."

ఈరన్న గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు. దావీదురాజు మళ్ళీ కాగితం మీదికి వంగాడు. జ్వరాలకు, కలరాకు 'డైడ్ ఆఫ్' అని ఎన్నిసార్లు రాశాడో. దేవుడు తీసుకుపోయినవాళ్ళు వాళ్ళు. ఇది దేవుడు చేసిన పని కాదు. దెబ్బ తగిలి పోయినవాళ్ళకు రాసే 'డైడ్ ఫ్రమ్' అని రాశాడు, నిబ్బు కాగితంలో దిగబడేలా. ఆ తర్వాత ఏ దెబ్బవల్లో, అది ఎవరు బాగుచేయించని గొలుసువల్లో, పూర్తిగా రాశాడు.

రాసిందంతా తెలుగులో చదివి వినిపించాడు. "ఇదేనా నువ్వు చెప్పింది?" అంటే ఈరన్న తల ఊపాడు. దావీదురాజు తనే స్టేషనుకు నడిచి, బండికుండే తపాలా డబ్బాలో కవరు వేసి, బండి కదిలిందాకా ఎండలో నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి శేషన్న కుర్చీలో ఉన్నాడు.

"పంపినావా?"

"పంపినా. గొలుసు తెగినాదని రాసి పంపినా. నీకు మూడుసార్లు చెప్పినారని కూడా రాసినా."

శేషన్న మొహం నల్లబడింది. లేచి, "ఆ ముద్ర కాగితం ఒగటే అనుకుంటివా? శానా ఉండాయి నాకాడ. ఈరన్నే వదిలినాడని ఇంగొకనితో సాక్ష్యాలు రాయిస్తా!" అని సొరుగు మీద చరిచాడు.

పంతొమ్మిదేళ్ళలో ఎవరి సొరుగూ ముట్టనివాడు, దావీదురాజు వంగి ఆ సొరుగు బయటికి లాగాడు. ఎనిమిది తెల్లకాగితాలు. ఎనిమిది వేలిముద్రలు. మూలల్లో పెన్సిలుతో పేర్లు. పెద్ద ఈరన్న, దాసన్న, సోమక్క... అడుగు కాగితం మీద హంపమ్మ. సుంకప్ప భార్య. నిన్న మొగుణ్ణి లారీలో ఎక్కిస్తుంటే, ఏడుస్తున్న మనిషి వేలు పట్టుకుని అద్దించుకున్నారని గడపలో ఉన్న నరసన్న చెప్పాడు.

"ఇది కూడా నా పేరు చెప్పే ఏయించుకున్యావా?"

శేషన్న సొరుగు లోపలికి నెట్టబోయాడు.

"నువ్వు మనిషివేనా శేషన్నా! తూ, నీ బతుకు చెడ!" దావీదురాజు గొంతు అంత పెద్దదని ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. బయట రాళ్ళెత్తే కూలీలు ఆగి చూశారు. అతను ఎనిమిది కాగితాలూ బల్ల మీద పరిచాడు. వేలిముద్రలన్నీ మునిగిపోయేదాకా సిరా ఒంపాడు. శేషన్న చెయ్యి పట్టుకోబోతే నరసన్న అడ్డం నిలబడ్డాడు.

దావీదురాజు నల్లబడిన చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. "రత్నమణీ, సామాను సర్దు" అని కొట్టంలో ఉన్న భార్యకు కేకేసి, గడప దాటాడు. మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.

బల్ల అంచు నుంచి సిరా చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. ఖాళీ సిరాబుడ్డి, హంపమ్మ కాగితం మీద, బోర్లించింది బోర్లించినట్టే ఉంది.