సిద్దమ్మ సత్తుగిన్నె

ఒక్కపొద్దు చెడితే ఆ పాపం ఎవరికి తగులుతుంది, తిన్న మనిషికా, తినిపించిన మనిషికా? ఈ అనుమానం వెంకటరమణమ్మ మనసులో పద్నాలుగేళ్లుగా ఉంది. బ్రహ్మంగారి మఠానికి పోయినప్పుడు ఒకసారి మంటపంలో కూర్చున్న ఒక ముసలాయనను అడిగింది కూడా. తన సంగతి అని చెప్పకుండా, ఎవరో తెలిసినామె సంగతి అన్నట్టు అడిగింది. ఆయన, తినిపించినామె తెలిసి తినిపించిందా తెలియక తినిపించిందా అని ఎదురు అడిగాడు. రమణమ్మ దండం పెట్టుకుని లేచి వచ్చేసింది. బస్సులో కూర్చున్నాక గానీ తన చెయ్యి కొంగును నలుపుతూనే ఉందని గమనించలేదు.

ఆ అనుమానం మళ్లీ మొదలైంది మొన్న గురువారం. ఆవు ఈనింది. పెయ్యదూడ. రమణమ్మ దూడకు కడుపు నిండా తాగించి, మిగిలిన ముర్రుపాలు పిండి లోపలికి తెస్తుంటే భర్త సుబ్బరాయుడు అరుగు మీద నుంచే చెప్పాడు. ఆదివారం ఇద్దరు నాయకులూ మనింటికి భోజనానికి వస్తున్నారని, జున్ను చెయ్యమని. ఇద్దరు నాయకులంటే, ఒకప్పుడు ఒకరి నీడ ఒకరి మీద పడితే ఊళ్లో బాంబులు పేలేవి, వాళ్లిద్దరే. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే పార్టీ, ఒకటే రంగు కండువా. జమ్మలమడుగులో ఒకే పందిరి కింద దండలు మార్చుకున్నారు. సుబ్బరాయుడు ఆ ఫోటో కూడా ఇంట్లో తగిలించాడు.

"దుడ్లు పెట్టి స్వీట్లు తెచ్చేదేముంది," అన్నాడు సుబ్బరాయుడు. "మన ఆవు పాలు, మన బెల్లం. చేత్తో చేసేదే గదా."

చేత్తో చేసేదే గదా. ఈ మాట ఆమె కాపురానికి వచ్చిన ఏడు నుంచీ వింటూనే ఉంది. శివరాత్రి దాటిందంటే ఆ ఇంటి అరుగు మీద రోజూ ఇరవై మంది, ముప్పై మంది పార్టీ మగవాళ్లు. వాళ్లకు పొద్దున రాగి అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ తరిగి వేసి. మధ్యాహ్నం సబ్జా గింజలు నానబెట్టిన బెల్లం నీళ్లు, లేకపోతే నన్నారి వేర్లు ఉడకబెట్టి వడకట్టి నిమ్మకాయ పిండిన షర్బతు. సాయంత్రం సేమ్యా పాయసం, అది చల్లారడానికి తడి ఇసుకలో పెట్టిన కుండ. ఎవరైనా పెద్ద మనిషి వస్తే గసగసాలు రుబ్బి పాలల్లో. అన్నీ చవకగా అయ్యేవే. ఊళ్లో అందరూ సుబ్బరాయుని ఇంట్లో ఖర్చు లేకుండా ఎంత బాగా పెడతారో అని చెప్పుకునేవాళ్లు. ఆ చవక ఎట్లా వస్తోందో ఎవరూ అడగలేదు. రాగులు విసిరింది ఎవరు, నీళ్లు మోసింది ఎవరు, రోలు దగ్గర కూర్చుని నడుము పట్టేసింది ఎవరికి అని అడిగిన మనిషి లేడు. రమణమ్మ కూడా అడగలేదు. దేవుడు ఇచ్చిన ఇల్లు, వచ్చినవాళ్లకు చల్లగా ఇవ్వడం పుణ్యం అనుకుంది.

దానికి ఇంకొక పద్ధతి ఉండేది. ఆ రోజుల్లో పార్టీ ఇళ్లలో ఏదీ ఉత్తగా నోట్లో పెట్టుకునేవాళ్లు కాదు. ఎవరు ఏం కలిపి ఉంటారోనని భయం. అందుకని బిందె అరుగు మీదికి రాగానే రమణమ్మ అందరి ముందు ఒక గ్లాసు ముంచుకుని ఒక గుక్క తాగాలి. తర్వాతనే వాళ్లు అందుకుంటారు. మొదట్లో పార్టీ పెద్దాయన "ముందు నువ్వు తాగమ్మా" అంటే ఆమె అది మర్యాద అనుకుంది. ఇంటి ఇల్లాలికి ఇచ్చే గౌరవం అనుకుని కొంగు నిండుగా కప్పుకుని మరీ తాగేది. ఒక రోజు తలుపు వెనక నుంచి భర్త మాట వినపడింది. కొత్తగా వచ్చినవాడికెవరికో ధైర్యం చెబుతున్నాడు.

"మా యింట్లో భయం లేదప్పా. మా ఆడది తాగినాకనే మేము తాగేది."

ఆ తర్వాత ఆమెకు ఆ మొదటి గుక్క తీపో చేదో తెలియకుండా పోయింది. మింగేది, గ్లాసు దించేది, లోపలికి పోయేది. వాళ్లందరూ తాగినాక బిందె అడుగున నాలుగు సబ్జా గింజలు మిగిలితే అవే ఆమె వంతు.

పద్నాలుగేళ్ల కింద, పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డ ఎండాకాలం అది. శనివారం. గొర్రెలు మేపుకునే కాటమయ్య పెళ్లాం సిద్దమ్మ వెనక వాకిట్లోకి వచ్చింది, చేతిలో మూత పెట్టిన సత్తుగిన్నె. వాళ్లకున్న ఒక్క ఆవూ రమణమ్మ కొట్టంలో పుట్టిందే, పెయ్యగా ఉన్నప్పుడు తోలుకుపోయారు. అది ఈనినప్పుడల్లా మొదటి జున్ను ఈ ఇంటికి తెచ్చి ఇవ్వడం సిద్దమ్మ అలవాటు. ఊరు రెండు పార్టీలైంది, కాటమయ్య అవతలి పార్టీలో చేరాడు, కేసులో పేరు రాయించుకుని ఊరు విడిచి తిరుగుతున్నాడు. అయినా సిద్దమ్మ ఆ అలవాటు మానలేదు. మొగుడు క్షేమంగా ఇల్లు చేరాలని పదకొండు శనివారాలు ఒక్కపొద్దు పట్టింది. సాయంత్రం దీపం పెట్టేవరకు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. అది పదో శనివారం.

"రుచి చూడలేదక్కా, ఒక్కపొద్దు గదా," అంది గిన్నె అందిస్తూ. "మిరియం సరిపోయిందో లేదో నువ్వే చూసి చెప్పు. గిన్నె ఖాళీ చేసి ఇయ్యి, మాకు ఉండేది అదొక్కటే."

రమణమ్మ ఆమెను వెనక వాకిట్లోనే కూర్చోమని చెప్పి గిన్నెను లోపలికి తీసుకుపోయింది. జున్ను వాసన అరుగు మీదికి పోయింది. ఏందది అన్నాడు సుబ్బరాయుడు. ఆమె గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, సిద్దమ్మ తెచ్చిందని చెప్పింది. అందరి మాటలూ ఆగిపోయాయి. రమణమ్మ ఎప్పటిలాగే చెంచా అందుకుంది.

"నువ్వు కాదు," అన్నాడు భర్త. "తెచ్చినామెను పిలువు. ఆమె తినాల."

సిద్దమ్మను పిలిచారు. ఆమె వచ్చి అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి, విషయం అర్థం చేసుకుని, ఇంకెవరినీ చూడకుండా రమణమ్మను చూసింది. తను ఒక్కపొద్దని ఆమె ఆ మగవాళ్లకు చెప్పి ఉంటే నవ్వేవాళ్లు, సాకు అనేవాళ్లు. ఇంటి ఇల్లాలు చెబితే వేరు. ఒక్క మాట. ఈ పొద్దు శనివారం, ఆమె ఒక్కపొద్దు, నేను తింటా. అంతే. ఆ మాట రమణమ్మ నాలుక మీదికి వచ్చింది, అక్కడే నిలిచిపోయింది. ఆమె చెంచాతో జున్ను తీసి సిద్దమ్మ నోటి ముందుకు చాపింది.

సిద్దమ్మ తినింది. ఇంకొంచెం అన్నాడు సుబ్బరాయుడు, ఇంకొంచెం తినింది. మూడు చెంచాలు. ఎవరో నవ్వారు, గిన్నె చేతులు మారింది. సిద్దమ్మ వెనక వాకిలి నుంచి కాకుండా ముందు గేటు నుంచే వెళ్లిపోయింది. గిన్నె అడగలేదు.

రమణమ్మ ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి ఇంకొకటి ఉంది. దేవుని గదిలో కూర్చుని కూడా ఆ సంగతి దాకా వచ్చి ఆగిపోయేది. చెంచా చాపిన ఆ క్షణంలో ఆమెకు కలిగింది భయం కాదు, జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఈ రోజు నా నోరు కాదు అనిపించింది. ఇంకొక ఆడమనిషి నోరు అడ్డం పెట్టి తను ఊపిరి పీల్చుకుంది. అది తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాత బుధవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే బిందెడు నన్నారి కలిపి అరుగు మీదికి ఇచ్చింది. నలుగురు తాగి, జీపెక్కి పోయారు. సాయంత్రానికి తెలిసింది, పెన్నా ఒడ్డున కాటమయ్యను నరికేశారని. ఇంటికి వస్తున్నాడంట. పదకొండో శనివారం రానేలేదు. పదోది తను చెడగొట్టింది. రమణమ్మ లెక్క అక్కడే ఆగిపోయింది, పద్నాలుగేళ్లూ అక్కడే ఉంది.

సిద్దమ్మ గొర్రెలమ్ముకుని సింహాద్రిపురం దగ్గర పుట్టింటికి పోయింది. గిన్నె మిగిలిపోయింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, కా. సిద్దమ్మ. ఆ శనివారం దాన్ని తోమేటప్పుడు అడుగున అంటిన ముక్క గీరి నోట్లో వేసుకుంది రమణమ్మ. ఎవరైనా ఏదైనా పెట్టి పంపిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపకూడదు, చిన్న బెల్లం ముక్కయినా వేసి పంపాలి. కానీ ఆ ఇంటికి ఈ ఇంటి నుంచి ఏం పంపగలదు? పంపితే ఎవరు ముడతారు? గిన్నెను బియ్యం డ్రమ్ము వెనక దాచింది. రెండేళ్ల కింద ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఎర్రగుడ్డ చుట్టిన కుండలు పెట్టుకుని నన్నారి, అంబలి అమ్ముతూ సిద్దమ్మ కనబడింది. తల నెరిసింది. రమణమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, అవతలి వైపు నుంచి నడిచిపోయింది. ఇంటికి వచ్చి ఆ రోజంతా ఏమీ తినలేదు.

ఆదివారం తెల్లవారుజామునే లేచింది. అన్నం, పప్పు, కోడికూర, రెండు రకాల వేపుళ్లు అన్నీ చేసి మూతలు పెట్టింది. డ్రమ్ము వెనక నుంచి సత్తుగిన్నె తీసి చింతపండు వేసి తోమింది. ముర్రుపాలల్లో మామూలు పాలు కలిపి, బెల్లం కరిగించి వడకట్టి పోసి, ఏలకులు, మిరియాలు దంచి వేసింది. గిన్నెను నీళ్ల పాత్రలో పెట్టి ఆవిరి మీద ఉడికించింది. పుల్ల గుచ్చి చూస్తే అంటుకోకుండా వచ్చింది. ఉన్న పాలన్నీ ఆ ఒక్క గిన్నెకే పోసింది. ప్రొద్దుటూరు పోయి వస్తానని చెప్పింది. సుబ్బరాయుడు షామియానా వాళ్లతో మాట్లాడుతూ సరే అన్నట్టు తల ఊపాడు, విన్నాడో లేదో. వడ్డించేది ఎవరు అన్న ప్రశ్న గేటు దగ్గర కాళ్లకు అడ్డం పడింది. దాన్ని దాటుకుని బస్సెక్కింది.

బస్టాండు దగ్గర కుండల వెనక ఉన్న సిద్దమ్మ, మనిషి ముఖం కన్నా ముందు గిన్నె మీది చుక్కలు చూసింది. గ్లాసులు కడుగుతున్న చెయ్యి ఆగింది.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా అక్కా," అంది, స్టూలు చూపిస్తూ.

రమణమ్మ కూర్చోలేదు. "ఆ పొద్దు శనివారమని నాకు తెలుసు సిద్దమ్మా," అంది. "తెలిసే పెట్టినా. నేను నోరు తెరిచి ఉంటే నీ ఒక్కపొద్దు నిలబడేది. కాటమయ్య..."

"నువ్వు ఇన్నేండ్లూ ఆ చెంచా గురించేనా ఏడుస్తాండేది?" సిద్దమ్మ గొంతు పెంచలేదు. "నీకు తెలుసని నాకూ తెలుసు. నీ కండ్లల్లో కనపడె. నా మొగుణ్ని సంపింది ఒక్కపొద్దు గాదక్కా, మనుసులు. ఆ బుధవారం వాళ్లు నీ యింట్లోనే సల్లగా తాగి లేసి పోయినారు."

రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. రమణమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతో ఎన్ని బిందెలు కలిపిందో, ఎన్ని వేసవులు. ఆ నలుగురిలో ఒకడు ఇంకొక గ్లాసు అడిగితే నిమ్మకాయ కొంచెం ఎక్కువ పిండి ఇచ్చింది, ఎండన పడి పోతున్నాడు పాపం అని. పద్నాలుగేళ్లు ఆమె ఒక చెంచా దగ్గర కూర్చుని ఏడ్చింది. బిందెను ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండటానికే చెంచాను పట్టుకుని కూర్చుందేమో.

"ఇంక ఆ అరుగు మీదికి నేను ఏమీ మోయను," అంది.

"మోస్తావో మోయవో, అది నీ యిల్లు. నాకెందుకు చెప్తావు."

రమణమ్మ గిన్నె మూత తీసింది. చెయ్యి తనంతట తనే చెంచా అందుకుని ముందు తన నోటికి తీసుకుపోబోయింది. సిద్దమ్మ ఆ చేతిలో నుంచి చెంచా లాక్కుంది. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, ఎటో చూస్తూ నిదానంగా నమిలింది. తర్వాత కుండలో నుంచి ఒక గ్లాసు నన్నారి ముంచి రమణమ్మ ముందు పెట్టింది. రమణమ్మ స్టూలు మీద కూర్చుని నిండు గ్లాసు అడుగు దాకా తాగింది. తియ్యగా ఉంది, వేరు వాసన ఇంకా ఉంది.

"మిరియం చాల్లేదు," అంది సిద్దమ్మ.

"ఆ పొద్దు నీది సరిపోయింది," అంది రమణమ్మ. "చూసి చెప్పమన్నావు గదా."

సిద్దమ్మ జున్ను వేరే పళ్లెంలోకి తీసుకుంది. సత్తుగిన్నెను కడిగి, ఎండలో బోర్లించింది.