జయరావు మాస్టారి రెండో ఇంటర్వ్యూ

ప్రత్తిపాడు హైస్కూల్లో ఎనిమిదేళ్లుగా సైన్సు చెబుతున్న జయరావు ఉద్యోగం 1980 జూన్‌లో, బడి తెరిచిన వారానికే పోయింది. పిల్లలు తగ్గారని ఒక సెక్షను ఎత్తేశారు. ఆయనది సర్కారు ఎయిడ్ రాని పోస్టు. "మీ మీద మాకేం కోపం లేదండీ, జయరావు గారూ," అన్నారు కరస్పాండెంటు గారు కుర్చీలోంచి లేచి మరీ. కోపం లేకుండా తీసేసిన ఉద్యోగానికి ఎవరితో పోట్లాడాలో జయరావుకు తెలియలేదు.

ఆ వానాకాలమంతా కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాడు. దర్శి నుంచి వినుకొండ దాకా ఏ బడి మెట్లెక్కినా ఒకటే మాట, ఖాళీ వస్తే కబురు చేస్తామని. అలా తిరుగుతున్న రోజుల్లోనే గుంటూరు బస్టాండులో ఎవరో చదివి వదిలేసిన ఇంగ్లీషు పేపరులో ఒక ప్రకటన కంటపడింది. నైజీరియాలో బళ్లకు సైన్సు టీచర్లు కావాలి, ఇంటర్వ్యూలు మద్రాసులో.

ఇంటికొచ్చి పాత అట్లాసు తీసి భార్య రెబ్కాకు చూపించాడు.

"ఇది ఎక్కడుందండీ?"

"ఆఫ్రికాలో."

రెబ్కా ఆ పటాన్ని కాసేపు చూసింది. "అక్కడా పిల్లలే కదా. వెళ్లి చెప్పండి," అంది.

డిసెంబరులో మద్రాసు వెళ్లాడు. హోటలు గదిలో ఇద్దరు నైజీరియా అధికార్లు, పక్కన మన దేశపు ఆఫీసరు ఒకాయన. గోడకి నల్లబల్ల పెట్టి, ఓడ నీటి మీద ఎందుకు తేలుతుందో పన్నెండేళ్ల పిల్లలకు చెప్పినట్టు చెప్పమన్నారు. వందసార్లు చెప్పిన పాఠం. కానీ చెప్పిందంతా తెలుగులో. సుద్దముక్క పట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టిన వాక్యం సగంలో తెగిపోయింది. తెలుగులో తన్నుకొస్తున్న మాటలు ఇంగ్లీషు గడప దగ్గర ఆగిపోయాయి. పెద్దాయన మర్యాదగానే థాంక్యూ చెప్పాడు.

బయటికొస్తుంటే మన ఆఫీసరు వరండాలోకి వచ్చి, "మార్చిలో వీళ్లు మళ్లీ వస్తారు మాస్టారూ. మీకు సబ్జెక్టు వచ్చు, నోరు తిరగట్లేదు. అది చూసుకోండి," అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు రెబ్కాకు చెప్పాడు. దాచితే మళ్లీ ప్రయత్నించే ధైర్యం రాదని భయం.

సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకున్నాయి. రెబ్కా ఒకరోజు పొద్దున్నే కొంగు నడుముకు బిగించి, రైతు బుల్లయ్య కల్లానికి తాలుకాయలు ఏరడానికి బయల్దేరింది. పెళ్లయ్యాక ఆమె కూలికి వెళ్లడం అదే మొదలు. జయరావు తలకు తువ్వాలు చుట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

బుల్లయ్య కంగారుపడ్డాడు. "మాస్టారూ, మావాడికి పాఠం చెప్పారు. మీరు ఈ కల్లంలో కూర్చుంటే ఊరు నన్నంటుందండీ!"

"ఊరు కూలి ఇవ్వదు కదా బుల్లయ్య గారూ. మీరిస్తారు," అని జయరావు ఎర్రటి రాశి పక్కన చతికిలబడ్డాడు.

చుట్టూ ఆడవాళ్లు. తెల్లబారిన తాలుకాయ ఒకవైపు, మంచికాయ ఒకవైపు వేస్తున్నారు. ఘాటుకు ముక్కులు కారుతున్నాయి, తుమ్ములు ఆగడం లేదు. చేతులకు పనే గానీ నోటికి లేదు. జయరావు పెదాల లోపలే ఇంగ్లీషు పాఠం గొణుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏంది మాస్టారూ, ప్రార్థనా?" అని అడిగింది వెంకటేశ్వరమ్మ. కల్లంలో అందరికంటే పెద్దది, గొంతు అందరికంటే పెద్దది.

రెబ్కా విషయం చెప్పింది.

"అయితే లోపల్లోపల చెప్పుకుంటే ఏం వచ్చిద్ది? గట్టిగా చెప్పండి. మేం వింటాం."

"మీకు ఇంగ్లీషు రాదు కదమ్మా."

"మాకు రాకపోతే ఏం? మీకు రావాలిగా!"

కల్లమంతా నవ్వింది. జయరావు కూడా నవ్వి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటిరోజు రెండు వాక్యాలకే ఆగిపోయాడు. "ఆగారే?" అంది వెంకటేశ్వరమ్మ. "ఎక్కడ తప్పిపోయారో అక్కణ్ణుంచి కాదు, మొదట్నుంచి చెప్పండి. కథ నడిమిట్లో ఎత్తుకుంటే ఎవరికి రుచి?"

రోజూ అదే పని. నీళ్లు ఎందుకు మరుగుతాయి, అద్దంలో బొమ్మ ఎందుకు కనపడుతుంది, గ్రహణం ఎలా పడుతుంది. ముందు ఇంగ్లీషులో చెప్పేవాడు. తర్వాత వాళ్లు ఊరుకోక అడిగితే తెలుగులో చెప్పేవాడు. తెలుగులో వాళ్లు వేసిన ప్రశ్నలకు మళ్లీ ఇంగ్లీషులో జవాబు కూర్చుకునేవాడు. సాయంత్రానికి కళ్లు మండేవి, గొంతు బొంగురుపోయేది. అయినా రాత్రి పడుకునేముందు రెబ్కా, "ఇవాళ మూడుసార్లే ఆగారు," అంటుంటే, ఆ మాట అతనికి జీతంలా ఉండేది.

మార్చిలో మళ్లీ మద్రాసు. అవే ముఖాలు. పెద్దాయన గుర్తుపట్టి, మళ్లీ ఓడ పాఠమే అడిగాడు.

జయరావు మొదలుపెట్టాడు. మూడో వాక్యంలో ఒక మాట జారిపోయింది. పోయిన డిసెంబరు అతని మెడ మీద చెయ్యి వేసినట్టయింది. అతను బల్ల మీద రాసింది తుడిచేసి, వాళ్లవైపు తిరిగి, "క్షమించండి, మొదటి నుంచి చెబుతాను," అని ఇంగ్లీషులోనే అన్నాడు. ఈసారి ఆగలేదు. ఇనుపమేకు ఎందుకు మునుగుతుందో, ఇనుప ఓడ ఎందుకు తేలుతుందో, నీరు పక్కకు జరిగి ఎలా పైకి నెడుతుందో చెప్పుకుపోయాడు.

"మీ ఇంగ్లీషు మా పిల్లలకు అర్థం కాకపోతే?" అని అడిగాడు పెద్దాయన.

"మళ్లీ చెబుతాను సార్. అప్పటికీ కాకపోతే వాళ్ల మాటలు నేను నేర్చుకుంటాను."

పెద్దాయన పక్కనున్నాయన వైపు చూసి తలూపాడు.

నైజీరియా ఉద్యోగానికి ఉత్తర్వు వచ్చిన వారానికి కరస్పాండెంటు గారు కబురు చేశారు. జూన్‌లో సెక్షను మళ్లీ తెరుస్తున్నారట, పాత జీతానికే రమ్మన్నారు. ఊళ్లో చాలామంది అదే మేలన్నారు. పరాయి దేశం, కనపడని చోటు, చేతిలో ఉన్నది వదులుకుంటారా అన్నారు. జయరావు ఆ రాత్రంతా ఆలోచించాడు. మళ్లీ ఎప్పుడో పిల్లలు తగ్గితే మళ్లీ అదే మర్యాద, అదే వీడ్కోలు. ఈ ఏడాది పడిన కష్టం తనకు నేర్పినదాన్ని అప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి?

పొద్దున్నే వెళ్లి, "నేను వెళ్తానండీ," అని చెప్పాడు. "ఆ పోస్టు మార్కు గారికి ఇవ్వండి. నాతోపాటే తీసేశారు ఆయన్ని. బాగా చెబుతారు."

కరస్పాండెంటు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సరేనన్నారు.

గుంటూరు స్టేషన్లో రెబ్కా ఏడవలేదు. రైలు కదిలేటప్పుడు మాత్రం కిటికీ ఊచ పట్టుకుని, "ఇల్లు దొరకగానే రాయండి. నేనూ వస్తా. ఇక్కడ కూర్చుని ఎదురుచూడటం నావల్ల కాదు," అంది. "రాస్తాను," అన్నాడు జయరావు. ఆమె చెయ్యి వదిలేదాకా అతనూ వదల్లేదు.

నైజీరియాలో అతన్ని వేసింది ఎర్రమట్టి దారుల ఊళ్లో. బడి రేకుల కప్పు, కింద కిక్కిరిసిన తరగతి. మొదటిరోజు హాజరు పిలవబోతే పేర్లు నోరు తిరగలేదు. ఒలుఫున్మిలాయో అనబోయి తడబడితే పిల్లలు పగలబడి నవ్వారు. ఆ పేరుగల అమ్మాయి లేచి, నెమ్మదిగా, ముక్కముక్కగా చెప్పింది. జయరావు పలికాడు. ఆమె అడ్డంగా తలూపింది. ఇంకోసారి పలికాడు. ఈసారి తరగతంతా చప్పట్లు కొట్టింది. సగం పేర్లయినా కాకముందే గంట కొట్టారు.

మిగతా పేర్లు రేపటికి అనుకుని, పక్కగదిలోని టీచరు దగ్గర వాటిని పలికించుకోవడానికి వెళ్లాడు.