టీ దాకా ఆగమను

ఎడమ బూటు ఎక్కలేదు. గ్లెండా బెంచీ మీద కూర్చుని కాలు చాపితే, మాక్సీన్ తడినేల మీద మోకాళ్ళేసి రెండు చేతులా లాగుతోంది. పోయిన చలికాలం గ్లెండా అయిదో నంబరు బూట్లు తొడిగేది. ఇవి ఎనిమిదో నంబరు, స్టోరువాణ్ణి బతిమాలి తెచ్చుకున్నవి.

"బూట్లు కుంచించుకుపోయాయే," అంది గ్లెండా ఆయాసపడుతూ.

"అవునక్కా, చవకరకం," అంది మాక్సీన్. ఇద్దరికీ నవ్వు రాలేదు.

గ్రిమ్స్‌బీ రేవులో హాడక్ చేపలు కోసి పొగబెట్టే కంపెనీ అది. పొద్దున ఆరుకి పని మొదలు. అంతకు ముందే గ్లెండాను చేపల కాటా ఎక్కించడం ఆమెతో ఒకే బల్ల దగ్గర చేపలు కోసేవాళ్ళకి అలవాటైపోయింది. రోజూ బరువు చూసుకోమని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఇంట్లో కాటా మీద ఆమెకు నమ్మకం లేదు. సోమవారం డెబ్బై నాలుగు కిలోలు. ఇవాళ శనివారం, డెబ్బై ఎనిమిదిన్నర.

అటుగా పోతున్న సూపర్‌వైజర్ కీత్ ఆగాడు. "కిలో ఎంతకిస్తావు గ్లెండా?"

"నిన్ను కొసరుగా ఇస్తానంటే ఎవడూ కొనడంలేదురా," అంది గ్లెండా.

గ్లెండాకి అరవై ఒకటి. గుండె సగం బలంతో కొట్టుకుంటోంది, మూత్రపిండాలు అంతకంటే నీరసం. గుండె తోయలేక, అవి తోడలేక, మిగిలిన నీరు కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ నీరు దించడానికి రోజూ పొద్దున్నే మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే మధ్యాహ్నంలోగా ఆరుసార్లు లేవాలి. సాయంత్రం వేసుకుందామంటే రాత్రంతా నిద్ర ఉండదు, తెల్లారి నాలుగింటికే బస్సు.

లేచి వెళ్ళడమంటే మాటలు కాదు. ఏప్రన్, చేతి తొడుగులు, తలకు కట్టిన వల అన్నీ విప్పాలి. వచ్చాక మోచేతుల దాకా కడుక్కుని మళ్ళీ అన్నీ వేసుకోవాలి. పదకొండు నిమిషాలు. బల్లకి ఆరుగురు. పెట్టెల లెక్క తగ్గితే వారానికి ముప్ఫై పౌన్ల బోనసు ఆరుగురికీ పోతుంది. వెళ్ళొద్దని ఎవరూ అనరు. కత్తులు కాస్త నెమ్మదిస్తాయి, అయిదు జతల కళ్ళు గోడ గడియారం వైపు తిరుగుతాయి, అంతే. యజమాని తిట్టనక్కర్లేకుండా పని జరిగిపోవాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఏడాది కిందట నోరు తెరిచి అన్నది ఒక్క మాక్సీనే. "టీ దాకా ఆగలేవా అక్కా?" అంది, మెల్లగానే. ఆ నెల ఆమె ఇంట్లో కరెంటు కట్టేస్తామని ఉత్తరం వచ్చింది.

గ్లెండా ఆగింది. మర్నాటి నుంచి మాత్ర వేసుకోవడమే మానేసింది. పారేయలేదు, టీ డబ్బాలో దాచింది. నలభై ఏళ్ళుగా చేపల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, కొక్కేలకు తగిలించి ఒక్కసారే నీరోడ్చిన చేతులు. తన ఒళ్ళూ అంతే అనుకుంది. వారం మాత్రలన్నీ ఆదివారం పొద్దున మింగి, రోజంతా మరుగుదొడ్డి పక్కనే కుర్చీ వేసుకునేది. రాత్రికి కాళ్ళు సన్నబడేవి. కళ్ళు తిరిగేవి, పిక్కలు పట్టేసేవి. సోమవారం కాటా చూసి సంతోషపడేది. ఈ సంగతి మాక్సీన్‌కి ఒక్కదానికే చెప్పింది.

ఆ శనివారం పని దిగాక ఆయాసం ఎక్కువై మెట్లమీదే కూలబడింది. మాక్సీన్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గుండె జబ్బుల నర్సు హేజెల్ రక్తపరీక్ష కాగితాలు ముందేసుకుంది.

"మాత్రలు వేసుకుంటున్నారు కదా గ్లెండాగారూ?"

"ఒక్కటీ మానలేదమ్మా." ఆమె లెక్కలో అది అబద్ధం కాదు.

"మరి నీరెందుకు తగ్గట్లేదు? వేసవిలో రోజుకి రెండు మాత్రలు చేశాం. మూత్రపిండాలేమో ఎండిపోతున్నాయి. నాకేం అర్థం కావట్లేదండీ."

మాక్సీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పేసింది. "అన్నీ ఆదివారమే మింగుతుందండీ. పద్నాలుగూ."

హేజెల్ కలం కింద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది మాక్సీన్‌కి.

"ఆరు రోజులు గుండెని ముంచారు, ఏడో రోజు మూత్రపిండాల్ని ఎండబెట్టారు. మేం తెలీక మోతాదు పెంచుకుంటూ పోయాం. ఇలా ఇంకో నెల సాగితే ఇంక రక్తం కడిగే మిషనే. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు." కాగితాలు పక్కకి జరిపి అడిగింది. "రోజూ ఎందుకు వేసుకోలేదండీ?"

"బల్లకి ఆరుగురమమ్మా," అంది గ్లెండా.

ఆసుపత్రిలో వారం ఉంచుకుని, రోజూ తూచి, రక్తం చూసి, నీరు మెల్లగా దించారు. హేజెల్ కంపెనీకి ఉత్తరం రాసింది. రెండు వాక్యాల జవాబొచ్చింది. పనివాళ్ళు మరుగుదొడ్డికి వెళ్ళడం మీద మా దగ్గర ఏ నిషేధమూ లేదు. సదరు కార్మికురాలు ఎప్పుడైనా వెళ్ళవచ్చు. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు, అదే మాక్సీన్‌కి కడుపు మండించింది.

తర్వాతి సోమవారం గ్లెండా పనిలోకి వచ్చింది. ఆరో నంబరు బూట్లు. అందరూ చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్ళు తాగి, కత్తి పట్టుకుంది. ఏడింటికి ఒకసారి వెళ్ళింది. ఏడున్నరకి మళ్ళీ. ఎనిమిదింటికి మూడోసారి ఏప్రన్ విప్పింది. "ఏమనుకోకండే," అని ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో చేపలు పేరుకుపోయాయి.

కీత్ వచ్చి మాక్సీన్ పక్కన వంగాడు. గొంతు తగ్గించి, మర్యాదగానే అన్నాడు. "పాపం, నేనంటే బాగోదు. నువ్వు చెప్తే వింటుంది. టీ దాకా ఆగమను."

మాక్సీన్ చేతిలో చేపని పూర్తిగా కోసి పెట్టెలో వేసింది.

"చెప్పను," అంది. "ఒకసారి చెప్పాను."

బల్ల చుట్టూ నాలుగు కత్తులు ఆగాయి. ఆ నలుగురూ గడియారం వైపు చూడలేదు. మాక్సీన్ వైపు చూస్తున్నారు. ఆ చూపుల్లో ఏముందో ఆమెకు తెలియలేదు. గ్లెండా ఇంకా రాలేదు, కొక్కేనికి ఆమె ఏప్రన్ నీళ్ళోడుతోంది.