మొదటి కాగితం

ఆ జిల్లా ఆసుపత్రికి నూరేళ్లు నిండాయి. అలా రాస్తే జనం నవ్వుతారని సూపరింటెండెంటు మేడం ‘శతవార్షికోత్సవం’ అని దిద్దించింది. చరిత్ర పుస్తకం రాసే పని రికార్డు గుమాస్తా నెత్తిన పడింది. ముప్ఫై రెండేళ్లుగా ఆ బీరువాల మధ్యే మగ్గినవాడికి తెలియనిదేముంటుంది?

మొదట పది మంచాల షెడ్డు. తర్వాత ప్రసూతి వార్డు, ఆపరేషన్ థియేటరు, లిఫ్టు. లిఫ్టు వచ్చిన ఏడాదే మూలపడింది, అది రాయొద్దన్నారు. మొదటి పేజీలో పెద్దక్షరాలతో రావలసింది ఒకటే వాక్యం: చుట్టుపక్కల జిల్లాలన్నిటిలోకీ మరణాలు తక్కువ ఇక్కడే.

ఆ వాక్యం రాయబోయినప్పుడల్లా వెనక నుంచి అక్క గొంతు వినిపిస్తోంది.

“ఒరేయ్ చిన్నోడా, టైమెంతయిందిరా?”

పట్టపగలు, భోజనాల వేళ దాటాక, ఫ్యాను గిరగిరా తిరుగుతుండగా. వెనక్కి తిరిగితే బీరువాలు తప్ప ఎవరూ ఉండరు. చెవిలో ఏదో తేడా చేసిందనుకుని పక్క బ్లాకులో డాక్టరుకు చూపించుకున్నాడు కూడా. చెవులు బంగారంలా ఉన్నాయన్నాడాయన.

పదకొండేళ్ల కిందట ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం మీద, పొట్ట పట్టుకుని అక్క అదే అడిగేది. ఈ ఆసుపత్రికీ పక్క ఊరి ఆసుపత్రికీ కలిపి సర్జన్ ఒక్కడే. “ఇంకాసేపట్లో వచ్చేస్తారక్కా” అని గుమాస్తా సోమవారం చెప్పాడు, మంగళవారం చెప్పాడు, బుధవారమూ చెప్పాడు. గురువారం పొద్దున అక్క టైము అడగలేదు.

ఈ ఆసుపత్రిలో ఒక అలవాటు ఉంది. చేరిన నలభై ఎనిమిది గంటల్లోపు పోయినవాళ్లు చావుల శాతంలోకి రారు. ప్రాణం మీదికి వచ్చాక తెస్తే మేమేం చేస్తాం అని తప్పుకోవచ్చు. అందుకే ఎవరైనా మూడో రోజునో నాలుగో రోజునో పోతే, కేసు షీటులో మొదటి కాగితం తీసేసి, చేరింది ఒకటి రెండు రోజులు ఆలస్యంగా అన్నట్టు తేదీ మార్చి కొత్తది రాసేవారు. పాతది చింపేసేవారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి మాత్రం గుమాస్తాదే.

అక్క పోయిన మర్నాడు, శుక్రవారం, గుమాస్తా ముందు నాలుగు కేసు షీట్లు పెట్టారు. సిరా పెన్ను పట్టుకుని చకచకా రాసుకుపోయాడు. సోమవారం బుధవారమైంది. ముద్ర కొట్టాక పేరు చూసుకున్నాడు. అక్క పేరు.

పాత కాగితం చింపడానికి చేతులు రాలేదు. మడిచి, ఇనప బీరువా అడుగున పెట్టాడు. కొత్తది మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. దాన్ని తీసేసే ధైర్యమూ లేకపోయింది.

ఓడలో పనిచేసే మేనల్లుడు పది రోజులకు వచ్చి ఆ కొత్త కాగితమే చూశాడు. “బుధవారం దాకా ఇంట్లో పెట్టుకుని ఏం చేశావు నాన్నా?” అని తండ్రిని నిలదీశాడు. సోమవారమే తీసుకెళ్లానని బావ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కుర్రాడు గుమాస్తా దగ్గరికొచ్చాడు. “నిజం చెప్పు మావయ్యా, కాగితం సరైనదేనా?”

“ఆసుపత్రి కాగితం కదరా” అన్నాడు గుమాస్తా. అంతే అన్నాడు. మేనల్లుడు మళ్లీ తండ్రి ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు చరిత్ర పుస్తకం ముందు కూర్చుంటే అక్క వదలడం లేదు. టైమెంతయిందిరా? నాలుగో రోజున గుమాస్తా పెన్ను మూసి, బీరువా అడుగున చెయ్యి పెట్టి, మడత కాగితం జేబులో వేసుకుని నేరుగా బావ ఇంటికి నడిచాడు.

బావ వాకిట్లో కుర్చీలో కూర్చుని రేడియో విప్పి బాగుచేసుకుంటున్నాడు. తల పూర్తిగా నెరిసిపోయింది.

“రావయ్యా బావమరిదీ! ఇన్నాళ్లకు దారి తప్పావా?”

“బావా, అక్కని మీరు సోమవారమే తెచ్చారు.”

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “ఎందుకయ్యా ఇప్పుడు? బుధవారమే. నేనే ఆలస్యం చేశాను.”

“కాదు బావా...”

“మొదట్లో నేనూ సోమవారమే అనుకునేవాణ్ణి. కాగితం మీద ఉంటే ఇంకేం మాట్లాడతాం? ఆలోచించగా ఆలోచించగా నాకూ బుధవారమే గుర్తొస్తోంది. నన్ను ఊరడించడానికి ఇంత దూరం నడిచొచ్చావా, పిచ్చోడా?”

గుమాస్తా కాగితం విప్పి బావ ఒళ్లో పెట్టాడు. సోమవారం, ఉదయం తొమ్మిదీ పదిహేను. కింద ఆకుపచ్చ సిరాలో వంకరటింకర సంతకం. సంతకానికి ఆ రోజు నర్సు బావకు తన పెన్నే ఇచ్చింది.

బావ కళ్లజోడు తుడుచుకున్నాడు. సంతకం మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. రేడియో మరలు కిందకి దొర్లిపోతున్నా పట్టించుకోలేదు.

“ఇది నాదే” అన్నాడు చివరికి. తలెత్తి బావమరిది మొహంలోకి చూశాడు. కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో.

“పదకొండేళ్లూ ఇది నీ దగ్గరే ఉందా?”

గుమాస్తా ఎదురుచూశాడు, వెనక నుంచి ఎవరైనా టైము అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.