జాడీల కింది నేల

మల్సూన్ సోయా ఊరబెట్టే జాడీలన్నీ పక్కింటివాళ్ల నేల మీదే ఉండేవి. ఎండా గాలీ అక్కడే బాగా తగులుతాయని అత్తగారి కాలం నుంచీ అక్కడే పెట్టారు. పక్కింటి ముసలమ్మ ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ పోయాక మేనల్లుడు దోక్‌హో ఇంట్లో దిగి, "జాడీలు తీసేయండి పిన్నిగారూ, అక్కడ కారు పెట్టుకోవాలి" అన్నాడు. మల్సూన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. నీడలో పెడితే సోయా పాడైపోతుంది.

అప్పుడు రంగంలోకి దిగాడు మొగుడు గితే. పోస్టాఫీసు నుంచి రిటైరయ్యాక చట్టం మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం ఒకటి కొని, కొరియాలోని జొన్జు ఊళ్లో ఆ సందునంతా హడలగొడుతున్న మహానుభావుడాయన. మంగలి జుట్టు పొట్టిగా కత్తిరిస్తే ఒప్పంద ఉల్లంఘన. పులుసులో ఉప్పు తక్కువైతే నిర్లక్ష్యం.

"ఎందుకే ఏడుపు? ఇరవై ఏళ్లకు పైగా మనదే అనుకుని, అందరూ చూస్తుండగా, గొడవ లేకుండా వాడుకుంటే ఆ నేల మనదే. దాన్ని అనుభవ హక్కంటారు."

"మనదని ఏనాడనుకున్నామండీ?"

"ఉష్! కోర్టులో అలా అన్నావంటే కొంప మునిగినట్టే. అవతలివాడి హక్కు ఒప్పుకున్నట్టవుతుంది. దాన్ని అంగీకారం అంటారు."

"మరి ఏటా కిమ్చీ పచ్చడి పట్టిన రోజున మొదటి గిన్నె..."

"కిమ్చీ ఊసెత్తావో చంపేస్తాను!"

నేల మాదేనని కోర్టులో కేసు వేసి, వారం రోజులు ఆమె చేత వల్లె వేయించాడు. కోర్టులో మల్సూన్ చెమటలు కక్కుతూనే, "మాదే అనుకున్నామమ్మా" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుంది. జడ్జి తల ఊపింది. గితే మీసం లేకపోయినా మెలేసుకున్నంత పని చేశాడు.

ఇక దోక్‌హో వంతు. "మా అత్త నేలను ఇన్నేళ్లూ ఊరికే వాడుకున్నారమ్మా. కృతజ్ఞత లేని మనుషులు."

గితే ఒక్క ఉదుటున లేచాడు. "ఎవరికయ్యా కృతజ్ఞత లేనిది? ప్రతి చలికాలం మా ఇంట్లో ఎవరూ నోట పెట్టకముందే, మొదటి గిన్నెడు కిమ్చీ మీ అత్తకు వెళ్లేది!"

"ఎందుకు పంపేవారు?" అని అడిగింది జడ్జి.

"నేల వాళ్లదాయె, పంపమా తల్లీ? మేం మర్యాద తెలిసినవాళ్లం!"

మల్సూన్ మొహం చేతుల్లో దాచుకుంది. అప్పుడు వెలిగింది ఆ మహానుభావుడికి.

కేసు పోయింది. జాడీలు ఇంటి వెనక నీడలోకి చేరాయి. ఆరు నెలలకే సోయా మీద బూజు పట్టింది. అత్తగారి చేతి రుచి అంతటితో సరి.

చలికాలం వచ్చింది. కిమ్చీ పట్టిన సాయంత్రం మల్సూన్ మొదటి గిన్నె నింపి మొగుడి చేతిలో పెట్టింది.

"పక్కింట్లో ఇచ్చి రండి."

"నీకు మతి పోయిందా? ఇప్పుడు మన జాడీలు వాళ్ల నేల మీద లేవుగా!"

"ఇన్నాళ్లూ నేల కోసమే ఇచ్చామా?"

గితే పుస్తకం తిరగేశాడు. పుస్తకంలో దీనికి మాట దొరకలేదు. గిన్నె పట్టుకుని వెళ్లి పక్కింటి తలుపు తట్టాడు.