ఏలియా గారి ఎరుపు

"నీకెటూ ఖాళీయే కదా, ఒక పేజీ రాసిపెట్టు" అన్నాడు మా ఆయన అనిల్. ఆ మాట అనే సమయానికి నా ఎడమ చేతిలో సోడా సీసా, కుడి చేతిలో థిన్నర్‌లో తడిపిన గుడ్డ ఉన్నాయి. లోపల పొయ్యి మీద షెడ్డులో పనిచేసే వాళ్లకు పప్పు ఉడుకుతోంది. అచ్చు వంకరగా పడిన సీసాలను బట్టీలోకి పోకముందే తుడిచేయాలి. ఒకసారి కాలిందంటే ఆ అక్షరం ఇక ఊడిరాదు. మరి ఇందులో నా ఖాళీ ఎక్కడుందో ఆయనకే కనపడాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నా ఖాళీ నాకు తప్ప ఇంట్లో అందరికీ కనపడుతుంది.

మాది నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన, ఇంటి వెనకాలే షెడ్డు. గాజు సీసాల మీద పేర్లు, బొమ్మలు అచ్చు వేసి బట్టీలో కాలుస్తాం. సోడా సీసాలు, పచ్చడి సీసాలు, అత్తరు బుడ్లు, ఏదొస్తే అది. ఈమధ్య హైదరాబాద్ కంపెనీ ఒకటి గోలీ సోడాను పెద్ద హోటళ్లలో అమ్మడం మొదలుపెట్టింది. వాళ్లకు మా ఎరుపు నచ్చింది. ఏడాది పొడుగునా ఆర్డరు ఇస్తాం కానీ మీ కుటుంబం కథ, మీ విలువలు ఒక పేజీలో రాసివ్వండి, మా వెబ్‌సైట్‌లో పెడతాం, వచ్చి వీడియో కూడా తీస్తాం అన్నారు. నేను ఎం.ఏ. తెలుగు కాబట్టి పేజీ నా నెత్తిన పడింది. ఆ చదువు ఈ ఇంట్లో పనికొచ్చింది అదే మొదటిసారి అనుకుంటాను.

బండి తాళాలు చేతిలో తిప్పుతూ ఏం రాయాలో అనిలే చెప్పాడు. నాన్న ప్రార్థనలో ఉండగా దేవుడు ఈ ఆలోచన ఇచ్చాడని రాయాలి. తర్వాత తన నాయకత్వంలో యూనిట్ ఎట్లా పెరిగిందో రాయాలి. విలువలంటే నిజాయితీ, నాణ్యత, కుటుంబం. కుటుంబం గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయమన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా యూనిట్‌లో కుటుంబం అనే మాటకు ఒక ప్రత్యేకమైన వాడకం ఉంది. అచ్చు వేసే సాబిరాకు వారం వారం కూలి ఇస్తారు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను కూడా అదే పని చేస్తున్నాను కదా, మరి నాకు కూలి లేదా అని నవ్వుతూనే అడిగాను. అప్పటికింకా బతికున్న మా మామయ్య ఏలియా గారు అంతకంటే పెద్దగా నవ్వి, "కుటుంబంలో జీతమేందమ్మా" అన్నారు. ఆయన మంచి మనిషి. ఆ మాట కూడా ప్రేమగానే అన్నారు. అందుకే దానికి ఏం జవాబు చెప్పాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

సరే, చరిత్ర కదా, చూసిన మనిషిని అడుగుదామని మా అత్తయ్య మణెమ్మ గారి దగ్గరకు వెళ్లాను. వసారాలో కూర్చుని గోంగూర ఆకులు తుంచుతోంది. మామయ్యకు ఆ ఆలోచన ఎట్లా వచ్చిందత్తయ్యా అంటే, "ప్రార్థనలో వచ్చిందంట గదా" అని ఊరుకుంది. ఆ 'అంట' దగ్గర నేను కూడా పక్కన కూర్చుని ఆకులు తుంచడం మొదలుపెట్టాను. కట్ట అయిపోయేలోపల ఆమె మిగతాదంతా చెప్పింది.

మామయ్య మొదట్లో కొట్లకు బోర్డులు రాసేవాడు. కోటప్పకొండ తిరణాళ్లలో సోడా కొట్లవాళ్ల సీసాలు ఒకరివొకరికి కలిసిపోయి ఏటా తగాదాలు జరిగేవి. సాదిక్ అనే సోడా కొట్టాయన వచ్చి, నా సీసాల మీద నా పేరు రాసిపెట్టు ఏలియా అన్నాడు. మామయ్య ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. రెండుసార్లు కడిగేసరికి ముత్యాలన్నీ నీళ్లలో పోయాయి. అప్పుడు అత్తయ్య, చంకలో అనిల్‌ను పెట్టుకుని, ఇంటి వెనక ఇటుకలతో చిన్న బట్టీ కట్టింది. మామయ్య బెజవాడ నుంచి తెచ్చిన రంగు పొడులు పగిలిన గాజు ముక్కల మీద పూసి కాల్చి చూసేది. ఈ రంగులతో తంటా ఏమిటంటే, గిన్నెలో కనపడే రంగు వేరు, కాలాక వచ్చే రంగు వేరు. అన్నిట్లోకీ మొండిది ఎరుపు. గిన్నెలో ఇటుక పొడిలా ఉంటుంది, సెగ కాస్త ఎక్కువైతే నల్లబడుతుంది. "చేతులు కాలినయ్ గానీ, చివరికి ఎరుపు నిలబడింది" అంది అత్తయ్య. ఆ ఆదివారమే మామయ్య చర్చిలో సీసా పైకెత్తి చూపించి, ఈ రంగు దేవుడు నాకిచ్చాడని సాక్ష్యం చెప్పాడు. అప్పటినుంచీ అది ఏలియా గారి ఎరుపు. అత్తయ్య ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని వింది.

మీకేం అనిపించలేదా అని అడిగాను. సంతోషమే అనిపించిందంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయట. అంతమందిలో లేచి కాదని ఎట్లా అంటానమ్మాయ్ అంది. అని గోంగూర పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ మంటలోనే పేజీ రాశాను. మామయ్య అక్షరాలు ఆయనకిచ్చి, బట్టీ, రంగులు, ఎరుపు అత్తయ్యకిచ్చాను. అనిల్ ఒప్పుకోడు, గొడవ అవుతుంది, కానివ్వు అనుకున్నాను. ఏమేం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన ఫోన్‌లో చదివి, "చానా బాగుంది. అమ్మ అంటే జనానికి సెంటిమెంటు" అన్నాడు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అంతటితో ఆగినా బాగుండేది. అక్కడే నిలబడి అత్తయ్య పేరాకు తనే ఒక వాక్యం కలిపాడు: 'ఈనాటికీ ఆ ఎరుపును కలిపేది మణెమ్మ గారే.' వీడియోలో కూడా అమ్మను గిన్నె ముందు కూర్చోబెడదామన్నాడు.

ఇప్పుడు కలిపేది నేను కదండీ అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. "నువ్వు సాయం చేస్తావులే. ఇద్దరి పేర్లు పెడితే కథ పలచబడుద్ది. అయినా మన ఇంట్లో నీ పేరు, నా పేరు ఏంది?" అని బండెక్కి వెళ్లిపోయాడు.

అత్తయ్య కళ్లు మసకబారి చాలాకాలమైంది. ఆపరేషన్ చేయించినా రంగుల తేడా ఇదివరకటిలా తెలియడం లేదు. అప్పటినుంచీ ఎరుపే కాదు, అన్ని రంగులూ కలిపేది నేనే. అయినా రోజూ పొద్దున్నే ఆమె షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. గిన్నెలోకి వంగి చూసి, "కాస్త పసుపు రంగు పడాలి" అంటుంది. నేను సరే అత్తయ్యా అని గరిట తిప్పుతాను. ఏమీ వేయను. వేస్తే రంగు పాడవుతుంది. వేయకపోతే ఏం పాడవుతుందో ఇన్నాళ్లూ ఆలోచించలేదు. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని అనుకున్నాను కానీ, అది ప్రేమా, జాలా, లేక నోరు తెరిచే ధైర్యం లేకనా? ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఏదీ తేలడం లేదు. ఆ ఎరుపు ఆమెది. ఆమె నేర్పకపోతే నాకు ఇటుక పొడికీ దానికీ తేడా తెలిసేది కాదు. మరి అది నాది ఎట్లా అవుతుంది? నాది కాకపోతే, సెగ ఎక్కువైన రోజున బట్టీ ముందు నుంచి కదలకుండా నిలబడేది ఎవరు? ఇన్నేళ్లూ ఆమె పేరు మామయ్య పేరు కింద పోయిందని కడుపు మండి రాసిందాన్ని, ఇప్పుడు ఆమె పేరు పక్కన నా పేరు లేదని ఏడుస్తున్నాను. ఆమెకు న్యాయం చేద్దామని నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. తిరిగి పూడ్చుకోవాలంటే ఆమెకిచ్చింది లాక్కోవాలి. ఎవరితో పోట్లాడాలో కూడా తెలియని పోట్లాట ఇది.

పేజీ పంపాల్సిన రోజు పొద్దున అత్తయ్య షెడ్డులో ఉండగా వెళ్లాను. వీడియోలో కట్టుకోబోయే తెల్లచీర ఇస్త్రీ చేయించి అప్పటికే ఇంట్లో మంచం మీద పెట్టుకుంది. ఆ వాక్యం మార్చనా అని అడగాలని వెళ్లి, అడగలేక, పేజీ మొత్తం చదివి వినిపించాను. 'ఈనాటికీ' దగ్గరికి వచ్చేసరికి, ఆ ముక్క మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"నువ్వు గరిట ఊరికే తిప్పుతావు" అంది. "నాకు కనపడదు గానీ వినపడుద్ది. పొడి పడితే గరిట చప్పుడు మారుద్ది. నీ గిన్నెలో ఎప్పుడూ మారలా."

ఇన్నాళ్లూ తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు అత్తయ్యా అన్నాను.

"నువ్వెందుకు చెప్పలా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. తర్వాత చేత్తో స్టూలు అంచు తడుముకుంటూ నెమ్మదిగా అంది: "ఆయన బతికున్నన్నాళ్లూ ఆ ఎరుపు ఆయనది. ఇక నా కొడుకుది అయిద్ది. మధ్యలో ఈ ఒక్క కాయితంలో నాదయింది. నీకు తప్పనిపిస్తే తీసెయ్యి, నేనేమీ అనుకోను. నన్నడిగితే మాత్రం ఉండనియ్యమంటా."

సాబిరా సీసాల ట్రేతో లోపలికి రావడంతో అత్తయ్య లేచి వెళ్లిపోయింది. నేను ఆమె కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పోనీ జాలిపడదామంటే, జాలిపడాల్సిన మనిషి ఆమె కాదని ఇందాకే తెలిసింది. ఆ వాక్యం నిజమా అబద్ధమా అని ఎంతసేపు చూసినా తేలలేదు. ఉంచితే నేను లేను. తీస్తే ఆమె లేదు. ఫోన్‌లో ఆ వాక్యం మీద వేలు పెట్టి, తీస్తూ, పెడుతూ, అట్లాగే కూర్చున్నాను.

ఆ తీయడం పెట్టడంలో వేలు జారి పేజీ పైకి పోయింది. మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూశాను, చదవడానికి కాదు, ఊరికే ఎవరికెంత చోటు ఉందో చూడటానికి. మొదట మామయ్య. మధ్యలో అత్తయ్య, ఆ చిన్న పేరా. దాని కింద నుంచి పేజీ అడుగుదాకా అనిల్. రెండో తరం, సమర్థ నాయకత్వం, దూరదృష్టి, ఆధునిక ఆలోచన, కస్టమర్లతో అనుబంధం. ఆయన చెప్పినట్టే అన్నీ నేనే రాశాను, ఎం.ఏ. తెలుగు ఊరికే పోలేదు. కస్టమర్లు రంగు కోసం ఫోన్ చేసేది నాకు. బట్టీకి సెగ చూసేది నేను. సాబిరాకు సెలవు కావాలంటే నన్ను అడుగుతుంది. సీసాలు పగిలి వస్తే లారీవాడితో పోట్లాడేది నేను. మరి ఆ పేరా అంతా ఎవరి గురించి రాసినట్టు? ఇద్దరు ఆడవాళ్లం ఒక్క వాక్యం కోసం కొట్టుమిట్టాడుతుంటే, మిగతా పేజీ వైపు ఇద్దరమూ కన్నెత్తి చూడలేదు.

అత్తయ్య వాక్యం ముట్టుకోలేదు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలియకుండానే ఉంచేశాను. కింద పేరా తీసేసి అక్కడ నా పని రాశాను. గొప్ప మాటలేవీ దొరకలేదు. రంగులు కలుపుతాను, బట్టీ చూస్తాను, ఆర్డర్లు మాట్లాడతాను, పనిచేసే వాళ్లకు అన్నం వండుతాను, పేరు కీర్తన. అంతే. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. హైదరాబాద్ కంపెనీకి పంపేసి, అదే అనిల్‌కు కూడా పంపాను. తప్పు చేశానేమో అని ఒకసారి అనిపించింది, ఇంకా ముందే చేయాల్సిందేమో అని ఒకసారి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన అనిల్ ఇంట్లోకి పోకుండా నేరుగా షెడ్డులోకి వచ్చాడు. ఫోన్ పైకీ కిందకీ జరుపుతూ రెండుసార్లు చదివాడు. అరవలేదు. నిజంగా అర్థం కాని మనిషిలా నా వైపు చూశాడు.

"ఇందులో నేనేడున్నా?" అన్నాడు.

"మీరేం చేస్తారో చెప్పండి, రాస్తాను" అన్నాను.